కదిలితే ఎగిరిపోయే పిట్ట

నవంబర్ 3, సోమవారం

ఇవాళ కూడా రెండు పిట్టలు వచ్చాయి. నాకు ఒక్కటి చాలు.

నవంబర్ 4, మంగళవారం

మొదటి నుంచి రాసి చూస్తాను. లెక్క ఎక్కడో తప్పితే అలాగే చేయమని బడిలో లెక్కల సిస్టర్ చెప్పేవారు.

నల్లరంగు వేసిన చెక్కపెట్టె, నా నడుమంత ఎత్తు. ముందువైపు మూత లేదు. లోపల వెనకగా ఒక నిజమైన జొన్నకంకి, మా చేనుదే. కంకి ముందు ఏటవాలుగా ఒక అద్దం, కిటికీలకు వేసే రకం, అవతలిది కనపడేది. పెట్టె అడుగున, చూసేవాళ్ళకు కనపడని చోట, మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ తెర వెల్లకిలా ఉంది. తెర మీద నేను గీసిన పిట్ట ఎగురుతుంది. దాని వెలుగు అద్దానికి తగిలి మన కంటికి చేరుతుంది. అద్దం కనపడకూడదు. కంకి కనపడాలి, దాని మీద వెలుగుతో చేసిన పిట్ట వాలాలి.

పెట్టె పైన చిన్న కెమెరా. ఎదురుగా ఉన్న మనిషి ఏడు క్షణాలు కదలకుండా నిలబడితేనే పిట్ట వస్తుంది. కదిలితే ఎగిరిపోతుంది. ఆ ప్రోగ్రామ్ రాయడానికి నాలుగు నెలలు పట్టింది. అది బాగానే పనిచేస్తోంది.

తప్పు అద్దంలో ఉంది. అద్దానికి రెండు ముఖాలు. ముందు ముఖం ఒక పిట్టను చూపిస్తే, వెనక ముఖం వడ్లగింజంత పక్కన ఇంకో పిట్టను చూపిస్తుంది. వెనకది పలచగా, జబ్బు చేసినట్టు ఉంటుంది. అద్దం ఎంత దళసరిగా ఉంటే పిట్టలు అంత దూరం.

మొత్తం రాశాను. తప్పు అక్కడే ఉంది.

నవంబర్ 5, బుధవారం

గులాం రసూల్ చాచా ఇంకో అద్దం తెచ్చాడు. బస్టాండు వెనక ఫోటోలకు ఫ్రేములు కట్టి, కిటికీలకు అద్దాలు కోసే మనిషి. ఇది మూడో అద్దం. బిగించాక ఎదురుగా నిలబెట్టాను.

"ఏం కనపడుతుంది చాచా?"

"నాలుగు ఎం.ఎం. గ్లాసు."

"గ్లాసు కాదు, లోపల."

"లోపల జొన్నకంకి. ముందుగాల గ్లాసు. ఎడమ దిక్కు అంచు జర్రంత లేచింది, నా తప్పే."

"కదలకుండ నిలబడు చాచా, పిట్ట వస్తది."

"నలభై ఏండ్లసంది గ్లాసు తోని బతుకుతున్న బేటీ. గ్లాసు కనపడితె చెయ్యి ఆగది." అప్పటికే వేలితో అంచు తడుముతున్నాడు.

పిట్ట రాలేదు. వచ్చినా రెండు వచ్చేవి.

అమ్మ చేను నుంచి వచ్చి, గడప మీద కూర్చుని కాళ్ళకు నీళ్ళు పోసుకుంటూ అంది. "పొద్దంత పిట్టలను కొట్టలేక నా రెక్కలు పోతున్నయి. ఇది ఇంట్ల కూసొని పిట్టను పిలుస్తుంది. జర మా రాణికి చెప్పు రసూల్ భాయ్, కావాలంటె చేనుకు రమ్మను, మస్తు పిట్టలు చూపిస్త."

చాచా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నవంబర్ 7, శుక్రవారం

హైదరాబాద్ గ్యాలరీ నుంచి మెయిల్ వచ్చింది. సెప్టెంబర్‌లో నమూనాగా చేసిన చిన్న పెట్టె వీడియో పంపాను. ఐదుగురిని తీసుకున్నారట. అందులో నా పేరు ఉంది. డిసెంబర్ 4 సాయంత్రం ఐదులోపు అసలు పెట్టె అక్కడ చేరాలి. పది రోజులు జనం చూస్తారు. ఐదుగురిలో ఒకరికి ఏడాదిపాటు పని చేసుకోవడానికి గది ఇస్తారు.

ఒక గది. తలుపు ఉన్న గది. నేను ఎవరితోనూ మాట్లాడక్కర్లేని గది.

రెండు పిట్టలతో వెళ్ళలేను.

నవంబర్ 9, ఆదివారం

అమ్మకు మెయిల్ చదివి, అర్థం చెప్పాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత అంది, "కోతల పండుగకు గుడికి ఇద్దాం. నీ చేతుల మొదటి పంట."

మా ఇంట్లో మొదటిదేదీ మేం ఉంచుకోలేదు. ఆవు మొదటి ఈత జున్ను, మొదట కోసిన కంకుల కట్ట, మొబైల్ షాపులో నా మొదటి నెల జీతం, అన్నీ కోతల పండుగ నాడు, మేం గుడి అని పిలిచే చర్చిలో, బలిపీఠం మెట్ల మీదికి వెళ్ళాయి. అమ్మకు అది పెద్ద త్యాగంలా ఉండదు. ఉప్పు వేసినంత మామూలుగా చేస్తుంది.

సరే అన్నాను. పండుగ ముప్పయ్యో తేదీన. గుడి నిండా మనుషులు. అంతమంది ముఖాలు ఒకేసారి చూడొచ్చు. హైదరాబాద్‌కు ముందు అందరికీ చూపించినట్టూ ఉంటుంది.

నవంబర్ 12, బుధవారం

కారు అద్దాలకు వేసే నల్ల కాగితం అతికించాను. రెండో పిట్ట కొంచెం తగ్గింది. కంకి మసిపట్టింది. పీకేశాను. జిగురు పోలేదు. జిగురు తుడవడానికి కిరసనాయిలు వాడాను. గది అంతా కంపు. అమ్మ అన్నం బయట పెట్టింది.

నవంబర్ 13, గురువారం

రెండు.

నవంబర్ 14, శుక్రవారం

రెండు. బాలల దినోత్సవమని సందు చివర బడిలో పొద్దున్నుంచి మైకు. తల పగిలిపోతోంది.

నవంబర్ 15, శనివారం

చాచా కొట్టుకు వెళ్ళి, దళసరి తగ్గాలి అన్నాను. అంత పెద్ద కొలతలో సన్నటి అద్దం ఎవరూ చేయరన్నాడు, వంగుతుంది, పగులుతుంది. మెట్లు దిగి సగం దారి వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

కొట్టు లోపల, గోడకు ఆనించిన గోనెసంచుల మధ్య నుంచి ఒకటి తీశాడు. వెలుగులో పట్టుకుంటే అంచు నీళ్ళ రంగులో ఉంది. దళసరి ఫోటో అట్టంత కూడా లేదు.

"ఈ కొట్టు పెట్టినప్పుడు మా అబ్బా తెచ్చింది. పెద్ద గ్రూపు ఫోటోలకు వాడేటోళ్ళు. గిట్లాంటిది ఇగ దొరకదు. నేను గూడ ఎప్పుడు కొయ్యలే, చెయ్యి రాలే."

"మరి నాకెందుకు ఇస్తున్నవ్?"

"నువ్వు కొయ్యవు కద."

ఇంటికి ఇద్దరం నడిపించుకుంటూ తెచ్చాం. బిగించాక ఒంటరిగా నిలబడ్డాను. ఏడు అంకెలు లెక్కపెట్టాను.

ఒక్క పిట్ట.

కంకి మీద వాలి, తల ఇటు తిప్పింది. గీసింది నేనే. అయినా ఊపిరి బిగపట్టాను. తర్వాత తుమ్ము వచ్చింది, ఎగిరిపోయింది.

నవంబర్ 21, శుక్రవారం

ఆరు రోజులుగా రెక్కల కదలిక సరిచేస్తున్నాను. వాలేటప్పుడు కంకి ఊగాలి కదా. కంకి నిజమైనది, పిట్టకు బరువు లేదు. ఎలా ఊపను? చిన్న మోటారుకు చేపల గాలపు దారం కట్టాను. ఒకసారి ముందే ఊగుతుంది, పిట్ట రాకముందే భయపడ్డట్టు. ఒకసారి ఆలస్యంగా ఊగుతుంది. చివరికి మోటారు తీసి విసిరేశాను. అది మంచం కిందికి వెళ్ళింది. మళ్ళీ పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను.

నవంబర్ 23, ఆదివారం

గిద్యోను తాత ఇంటికి వచ్చాడు. మా సంఘానికి పెద్ద, గుడి తాళాలు, లెక్కలు, గంట అన్నీ ఆయనవే. కుడి చెవి వినపడదు, ఎడమ చెవి కూడా మనసు పెడితేనే. పెట్టె ఎక్కడ పెట్టాలో కొలత తీసుకున్నాడు.

"సంగమ్మా, నీ బిడ్డ కానుక మస్తు పెద్దగున్నది. ఎడమ దిక్కు పెడదాం, గుమ్మడికాయల పక్కన."

తూర్పు కిటికీలు మూయమని చెప్పమన్నాను అమ్మకు. వెలుగు పడితే పిట్ట కనపడదు. అమ్మ చెప్పింది. తాత సరే అన్నాడు.

కానుక అన్నాడు. అది ఆయన మాట తీరు.

నవంబర్ 30, ఆదివారం

రాయకుండా పడుకోలేను.

బలిపీఠం మెట్ల మీద గుమ్మడికాయలు, కందికట్టలు, పత్తి, మొక్కజొన్న, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. ఎడమ పక్కన నా పెట్టె. కిటికీలు మూశారు. గుడి మసకగా, సరిగ్గా కావలసినట్టు ఉంది. నేను పెట్టె పక్కన గోడను ఆనుకుని నిలబడ్డాను.

జనం లోపలికి వస్తూనే ఉన్నారు. కూర్చుంటున్నారు, లేస్తున్నారు, పిల్లల్ని లాగుతున్నారు, విసురుకుంటున్నారు. పాటలకు చప్పట్లు. కెమెరా ముందు మూడు వందల మంది, ఎవరూ ఏడు క్షణాలు ఆగరు. గంటన్నర పాటు పిట్ట రాలేదు. ముందు వరసలో ఎవరో అన్నారు, "కంకికి గంత పెద్ద పెట్టె ఎందుకు?"

ఇది నేను ఆలోచించలేదు. ఇంట్లో ఎప్పుడూ ఒక్క మనిషితోనే చూశాను.

అప్పుడు పాస్టర్, "కానుకల కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ లేచి తల వంచారు. కళ్ళు మూశారు. చేతులు కట్టుకున్నారు. ఒక్క మనిషి కదల్లేదు.

పిట్ట వచ్చింది.

వాలింది. కంకి సరిగ్గా ఊగింది, ఇన్నాళ్ళలో మొదటిసారి. గింజ తీసింది. తల తిప్పింది. ఎగరలేదు. ప్రార్థన పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాలు కూర్చుంది. నా దగ్గర ఎప్పుడూ అంతసేపు ఉండలేదు. మూడు వందల మంది ఎదురుగా నిలబడ్డారు, ఒక్కరూ చూడలేదు. పక్కన కట్టేసిన కోడి మెడ పైకి చాపి, ఒక కన్నుతో చూసింది. కోడి, నేను.

అరవాలనిపించింది. కళ్ళు తెరవండి అని. అరిస్తే కదులుతారు.

గోడ వారగా నా పక్కనే ఉన్న అమ్మ, కెమెరాకు అందని వైపు నుంచి పెట్టె మీద చెయ్యి వేసింది, కళ్ళు మూసుకునే. నా చెయ్యి వెతికి, దాని మీద పెట్టింది. "నా బిడ్డ చేతుల మొదటి పంట ప్రభువా, గిది నీదే," అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. గట్టిగా. పిట్ట అంతసేపు కూర్చుందని, అందుకు అన్నాను.

కళ్ళు తెరిచారు. ఎగిరిపోయింది.

గిద్యోను తాత వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు. "కంకి మంచిగున్నది. అద్దం గూడ మంచిగ తుడిచినవ్ బిడ్డా."

కానుకలన్నీ పాస్టర్ గదిలో పెట్టి తాళం వేశారు. రేపు తెచ్చుకుంటాను.

డిసెంబర్ 1, సోమవారం

గిద్యోను తాత కల్హేర్‌లో పెళ్ళికి వెళ్ళాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుందట. రేపు పొద్దున తెచ్చుకోవచ్చు. ఇంకా రెండు రోజులు ఉన్నాయి.

అమ్మ అడిగింది, "గుడికి ఎందుకు పోయినవ్?" ఊరికే అన్నాను.

డిసెంబర్ 2, మంగళవారం

పొద్దున పదింటికి వెళ్ళాను. అమ్మ గుడిలో పండుగ చాపలు దులుపుతోంది. గిద్యోను తాత గది తాళం తీశాడు. పెట్టె ఉంది. తెర ఉంది. కెమెరా ఉంది. కంకిని ఎలుకలు సగం తిన్నాయి. అద్దం లేదు.

"అద్దం ఏది తాతా?"

"పెద్ద బైబిల్‌కు పురుగు పడుతుంది కద బిడ్డా. మొన్ననే పెట్టె చేయించినం, మూతకు అద్దం లేక ఆగినం. ప్రభువే పంపిండు. పొద్దుగాల గులాం రసూల్‌కు ఇచ్చిన, కొలత చూసి కొయ్యమని."

అది నాది తాతా, ఎల్లుండి హైదరాబాద్ తీసుకుపోవాలి, అది లేకపోతే నేను వెళ్ళలేను. ఇదంతా అనుకున్నాను. నోటి నుంచి వచ్చింది ఒక్కటే.

"కోశాడా?"

"ఏమో. ఈపాటికి కోసే ఉంటడు."

పరుగెత్తాను. వెనక తాత కర్ర చప్పుడు, దాని వెనక అమ్మ పిలుపు. బజారులో నేను పరుగెత్తడం ఇంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

చాచా చాయ్ తాగుతున్నాడు. బల్ల మీద గోనెపట్టా, దాని మీద నా అద్దం. ఒక్కటిగానే ఉంది. కానీ ఎడమవైపు, పై నుంచి సగం దాకా, విరవడానికి ముందు గీసే సన్నటి తెల్లగీత.

"సగం గీసిన బేటీ. అప్పుడు చెయ్యి ఆగింది. గింత సన్నటి గ్లాసు ఈ ఊర్ల ఇంకోటి లేదు, నేనే ఇచ్చిన కద నీకు. గిది చర్చికి ఎట్ల పోయింది? కొయ్యాల్నా వద్దా? ఎవరిని అడగాల్నో తెల్వక చాయ్ చెప్పిన."

ఇంతలో ఇద్దరూ వచ్చారు. తాత బల్ల పట్టుకుని రొప్పుతూ అన్నాడు, "అడిగేదేంది? దేవునికి ఇచ్చిండ్రు. కొయ్యి."

"మీ బైబిల్‌కు దళసరిది ఇస్త పెద్దమనిషీ. గిది మూతకు పెడితె క్రిస్మస్ దాక గూడ ఉండది, పగులుతది."

"అద్దం సంగతి కాదయ్యా. మాట సంగతి."

"మాట నాది," అంది అమ్మ. "నేనే ఇచ్చిన. ఇది ఆమెన్ అన్నది. ఊరంత ఇన్నది."

"సంగమ్మా, నువ్వు జర ఆగు," అన్నాడు చాచా. చాయ్ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. "గీత పడ్డ అద్దాన్ని ఎక్కువసేపు పెట్టొద్దు, అదే విరుగుతది. విరవాల్నా, ఇడువాల్నా? ఒక్క మాట చెప్పు బేటీ. గిది ఎవరిది?"

ముగ్గురూ నన్నే చూశారు. ఎవరైనా ప్రశ్న అడిగితే నేను నేల చూస్తాను. నేల మీద అద్దం ముక్కలు.

"నాది," అన్నాను.

"ఏమన్నది?" అని తాత ఎడమ చెవి దగ్గరికి తెచ్చాడు. నిజంగానే వినపడలేదు.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "నాది తాతా. ఆమెన్ అన్న, అది నా తప్పే. చూపియ్యనీకి తెచ్చిన అనుకున్న, ఇయ్యనీకి కాదు. నాది. తీస్కపోత."

అమ్మ ముఖం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. అది కోపం కాదు. భయం.

"దేవుని చేతులకెల్లి గుంజుకుంటున్నవ్ రాణీ."

"అవునమ్మా."

బయట ఆటోవాడు కంగ్టి, కంగ్టి అని అరుస్తున్నాడు. చివరికి గిద్యోను తాత జేబులోంచి కొలతల చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "అయితె ఆ దళసరిదన్న జల్దీ కొయ్యి రసూల్. సాయంత్రం పాస్టర్ వచ్చి చూస్తడు, ఏం చెప్పాలె నేను?"

అమ్మ అప్పటికే వెళ్ళిపోయింది.

డిసెంబర్ 3, బుధవారం

అమ్మ మాట్లాడలేదు. అన్నం పెట్టి, కూర వేసి, చేనుకు వెళ్ళిపోయింది.

తొమ్మిదో తేదీ పేజీ తిప్పి చూశాను. అమ్మ ఏమన్నదో సరిగ్గానే రాసుకున్నాను. ఇద్దాం అనే ఉంది. కింద నేను చూపించినట్టు అని రాసుకున్నాను. నా రాతే.

గీత మీద వేలు పెట్టి చూశాను. గోరుకు తగులుతుంది.

డిసెంబర్ 4, గురువారం

చేనులో కొత్త కంకి కోసుకుని, గుడి నుంచి తెచ్చిన పెట్టె చెక్కలు విప్పి కట్టగా కట్టాను. తెరను గోనెసంచిలో చుట్టాను. అవి బస్సు డిక్కీలో వెళ్తాయి. అద్దం వెళ్ళదు. రెండు థర్మాకోల్ షీట్ల మధ్య పెట్టి ఇచ్చాడు చాచా. "ఒక్కరు పట్టుకుంటె వంగుతది, గీత కాడ విరుగుతది. ఒళ్ళ పెట్టుకొని ఇద్దరు పట్టుకోవాలె."

ఇద్దరు ఎక్కడ? అనమ్‌ను అడుగుదామనుకున్నాను, చాచా కూతురు, నాతోపాటు చదివింది. దానికి ఇవాళ పరీక్ష.

పదకొండు గంటల బస్సు. బస్టాండుకు వచ్చేసరికి అమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, పండుగ చీరలో, టిఫిన్ డబ్బాతో. నన్ను చూడలేదు. బస్సు రాగానే ముందు ఎక్కి, ఇద్దరు పట్టే సీటు చూసి, కిటికీ వైపు కూర్చుని, ఒడి సర్దుకుని చేతులు చాపింది. అద్దం ఒక చివర ఇచ్చాను.

మూడు గంటలు పైనే. గుంత వచ్చిన ప్రతిసారీ ఇద్దరం కలిసి పైకి లేపాం, మాట్లాడుకోకుండానే. జోగిపేట దాటాక కండక్టర్ వచ్చాడు.

"ఏందమ్మా గది, టీవీయా? టీవీకి లగేజీ టికెట్ తీస్కోవాలె."

"టీవీ కాదు, అద్దం," అంది అమ్మ. "మా బిడ్డది."

"గంత పెద్ద అద్దమా? ముఖం చూసుకోనీకా?"

"నీకెందుకయ్యా? మంచిగ నడుపమను డ్రైవర్‌ను."

నాతో అన్నది ఒక్కటే, సంగారెడ్డిలో బస్సు ఆగినప్పుడు. కిటికీలోంచి బయటకే చూస్తూ అంది. "దేవునికి నువ్వే చెప్పుకో. ఇన్నేండ్లు నీ మాట గూడ నేనే చెప్పిన. ఇగ చెప్ప."

మూడున్నరకు గ్యాలరీలో ఇచ్చాం. సంతకం పెట్టాను. అమ్మ లోపలికి రాలేదు. గేటు దగ్గర డబ్బాలో మిగిలిన అన్నం నా చేతిలో పెట్టి, నాలుగున్నర బస్సుకు వెళ్ళిపోయింది.

డిసెంబర్ 6, శనివారం

అద్దం నిలిచింది. గీత కనపడుతుంది. పిట్ట ఎడమ నుంచి వస్తుంది కదా, గీత దాటేటప్పుడు రెండుగా తెగి, మళ్ళీ ఒకటవుతుంది. ప్రోగ్రామ్‌లో దారి మార్చి కుడి నుంచి రప్పించవచ్చు. ఒక గంట పని. నిన్న కూర్చున్నాను, సగం మార్చాను, మళ్ళీ పాతదే పెట్టాను. ఎందుకో తెలియదు. బాగా లేదు. అయినా పెట్టాను.

ఇవాళ చాలామంది వచ్చారు. ఎక్కువమంది ఆగలేదు. ఫోన్లు పైకెత్తి కదులుతూనే ఉన్నారు. ఒక పెద్దాయన ఆగాడు. పిట్ట వాలాక ఆయన ముఖం చూశాను. దాని గురించి ఇక్కడ రాయను, రాస్తే తగ్గుతుంది.

పొద్దున హాలు తెరవకముందు ఒక్కదాన్నే ఉన్నాను. దేవునికి చెప్పాను. క్షమించు అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. అబద్ధంలా అనిపించింది. తీసుకున్నాను అని మాత్రం చెప్పాను.

మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. చేనులో ఉంది, డబ్బా కొట్టి పిట్టలను తోలుతున్న చప్పుడు వినపడుతోంది.

"చెప్పినమ్మా."

చప్పుడు ఆగింది. "ఏమన్నడు?"

"ఏమనలే."

"జల్దీ ఏమున్నది? అంటడు," అని మళ్ళీ డబ్బా కొట్టడం మొదలుపెట్టింది.